పదకొండు డాలర్ల నలభై సెంట్లు

ఆయన ఉత్తరాలు ఇరవై రెండేళ్లు టైపు చేశాను.
మొదట్లో టొరంటోలో, బే స్ట్రీట్ మీద,
ఆవిరి గొట్టాలు రాత్రంతా దగ్గే మూడో అంతస్తులో.
ఆల్డెన్ మెక్‌ఫెయిల్, రైల్వే బాండ్ల వ్యాపారి.
కోటు జేబులో బొటనవేలంత పెన్సిల్ ముక్క,
దాన్ని పారెయ్యడానికి ఆయనకి మనసొప్పేది కాదు.

"మనిషి పోవచ్చు మిస్ థరోగుడ్, పత్రం పోదు" అనేవాడు.
ఇరవై తొమ్మిదిలో మార్కెట్టు కూలిన వారం
మిగతావాళ్లు తాగుతుంటే, ఏడుస్తుంటే, ఊళ్లు వదిలి పోతుంటే
ఆయన దీపం కింద కూచుని
ఎవరికెంత బాకీయో రాసుకున్నాడు.
ఆరేళ్లు పట్టింది, సెంటుతో సహా తీర్చాడు.
ఆ మంచిపేరే ఆయన్ని ఒట్టావాకి లాక్కుపోయింది,
వెనకాలే నా టైపు మిషనునీ.

యుద్ధం నడుస్తోంది.
మంత్రిగారి గదిలోంచి బయటికొచ్చినప్పుడు
ఆయన మొహం ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది.
"యురేనియం స్పెల్లింగు తెలుసా మీకు?"
తెలీదన్నాను.
"మంచిది. ఇకమీదట కూడా తెలీనట్టే ఉండండి."

హ్రిత్సాక్ అని ఒక కుర్ర శాస్త్రవేత్త,
చొక్కా చేతులకి ఎప్పుడూ సుద్దపొడే,
బోర్డు మీద గీత గీసి చూపించాడు:
ఇన్నేళ్లకి సగం, మళ్లీ అన్నేళ్లకి అందులో సగం.
మెక్‌ఫెయిల్ పకపకా నవ్వాడు.
"ఇది చక్రవడ్డీయే కదయ్యా, అద్దంలో చూస్తే!"
"అవును సార్. కానీ ఖాతా ఎప్పటికీ మూతపడదు."
నవ్వు ఆగింది. పెన్సిల్ ముక్క బయటికొచ్చింది.
ఏం రాసుకున్నాడో నాకు కనపడలేదు.

తర్వాతంతా మీకు తెలిసిన తంతే.
అణుశక్తి బోర్డు అధ్యక్షుడు, ఫోటోల్లో ఇనుప టోపీ,
నా సొరుగుకి మూడు తాళాలు.
గనుల్లో దుమ్ము ముసుగులు కావాలని
హ్రిత్సాక్ రాసిన కాగితం నాలుగుసార్లు నా బల్ల మీదికొచ్చింది.
నాలుగుసార్లూ "పద్దు లేదు" అనే టైపు చేశాను.
ఐదోసారి కాగితం రాలేదు, హ్రిత్సాక్ కూడా రాలేదు.
సస్కటూన్‌లో పాఠాలు చెప్పుకుంటున్నాడని ఎవరో అన్నారు.

యాభై మూడు మార్చిలో ఉత్తరం నుంచి ఒక ఉత్తరం.
మిషన్ నర్సు చేతిరాత, మాటలు మాత్రం రోసాలీ యకెలేయవి.
పెనిమిటి పడవ నుంచి పడవకి ఖనిజం బస్తాలు మోసేవాడట,
అలిసినప్పుడు వాటిమీదే పడుకునేవాడట.
దగ్గి దగ్గి పోయాడు.
ఆఖరి వేసవి కూలి పదకొండు డాలర్ల నలభై సెంట్లు
ఇంకా రాలేదు, ఇప్పించగలరా?
ఇంకొక్క సంగతి:
ఖాళీ బస్తాల గుడ్డతో పిల్లలకి గుడారం కుట్టాను,
గట్టి గుడ్డ, వాన దిగదు.
ఉంచుకోవచ్చునా?

ఆయన కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.
సొంత ఖాతా మీద చెక్కు రాశాడు.
జవాబు చెప్పాడు, నేను కొట్టాను, రెండు పేరాలు.
చదివి, "రెండోది తీసెయ్యండి" అన్నాడు,
"కార్బన్ కాపీ కూడా చింపెయ్యండి."

చెక్కు ఎప్పటికీ బ్యాంకుకి రాలేదు.
ఆమె ఉన్నచోటికి బ్యాంకు ఆరువందల మైళ్లు.
ఉద్యోగం దిగిపోయాక కూడా ఆయన ప్రతి నెలా
మేనేజరుకి ఫోన్ చేసి అడిగేవాడు, వచ్చిందా అని.
పోయిన తర్వాత లాయరు లెక్కలన్నీ సరిచూశాడు,
ఆ ఒక్క వరుస తప్ప అన్నీ సరిపోయాయి.
నిజాయితీపరుడు, అన్నాడు లాయరు.
నేనూ తలూపాను.

రెండో పేరాలో ఒకటే వాక్యం:
గుడారం వెంటనే విప్పెయ్యండి, పిల్లల్ని అందులో పడుకోబెట్టకండి.
ముక్కలు చెత్తబుట్టలో వేసింది నేనే.
చిరునామా నాకూ కంఠతా వచ్చు.
తపాలా బిళ్ల ఖరీదు నాలుగు సెంట్లు.